మా తోటికోడలు చూడని ఇంజను

మా తోటికోడలు పోయింది. మొన్న అమావాస్య ముందు రోజు పొద్దున్న కాఫీ గ్లాసు తీసుకుని ఆవిడ గదిలోకి వెళ్ళి "అక్కయ్యా" అని పిలిచాను. పలకలేదు. గ్లాసు గూట్లో పెట్టి భుజం పట్టుకుని కుదిపాను. అప్పటికే ఒళ్ళు చల్లబడిపోయింది. నిద్రలోనే వెళ్ళిపోయింది, ఒకరిచేత చేయించుకోలేదు, అదృష్టవంతురాలు అన్నారు చూడవచ్చిన వాళ్ళంతా. అదృష్టమట! ఆ మాట విన్న ప్రతిసారీ నాకు ఒళ్ళు మండిపోయింది. కానీ చావింట్లో ఎవరితో దెబ్బలాడతాం?

పెద్దకర్మ కూడా అయిపోయింది. చుట్టాలు వెళ్ళిపోయారు. పేపర్లో ఫోటో వేయిద్దాం, కింద రెండు ముక్కలు రాసిపెట్టు అన్నారు మా ఆయన, నేను ఎస్సెల్సీ దాకా చదివానని. "సౌమ్యురాలు, దైవభక్తి కలవారు" అని అందరికీ వేసేదే వేస్తారు. ఆవిడ సౌమ్యురాలే, కాదనను. భక్తి సంగతి మాత్రం నాకు తెలుసు! ఆ రెండు ముక్కలూ ఆయన్నే రాసుకోమని చెప్పి నేనిది రాస్తున్నాను. చదివే మీరెవరో నాకు తెలియదు, ఆవిడెవరో మీకు తెలియదు. అయినా ఎవరో ఒకరికి చెప్పకపోతే నాకు ముద్ద దిగేలా లేదు.

మాది నిడదవోలు. మా ఇంటి ముందు వీధి, వెనక రైలు పట్టాలు. స్టేషన్లో బయల్దేరి రాజమండ్రి వైపు వెళ్ళే బండి, ఇంకా వేగం అందుకోకముందే, మా పెరటి గోడ పక్కనుంచి మెల్లగా వెళ్ళాలి. మా వీధి చివర లెవెల్ క్రాసింగ్ గేటు. బజార్లో మాకు కిరాణా కొట్టు ఉంది. మా బావగారు, అంటే ఆవిడ భర్త, మా ఆయనా కలిసి దాన్ని చూసుకునేవారు. నేను ఆ ఇంటికి చిన్న కోడలిగా వచ్చేసరికి ఆవిడ పెద్ద కోడలిగా కొన్నేళ్ళు కాపురం చేసేసింది. పిల్లలు కలగలేదు. మా అత్తగారు అప్పుడప్పుడు ఆ మాట ఎత్తితే, ఈవిడ చేటలో బియ్యం ఇంకాస్త గట్టిగా చెరిగేది.

ఆవిడ పుట్టిల్లు కోనసీమలో, రైలు కూత వినపడని ఊరు. కాపురానికొచ్చిన కొత్తలో పెరట్లో బట్టలారేస్తుంటే ఇంజను కూత పెట్టిందట. చేతిలో తడి చీర మట్టిలో పడేసి, వంటింట్లోకి పరిగెత్తి తలుపేసుకుందట. ఈ సంగతి మా అత్తగారు ఇంటికొచ్చిన ప్రతి మనిషికీ చెప్పి నవ్వేవారు. కొన్నాళ్ళకి ఆ భయం పోయి, చూడటం మొదలైంది. అప్పట్లో ప్యాసింజరు బళ్ళని లాగే బొగ్గింజన్లలో ఒక జాతి ఉండేది. ముందు భాగం గుండ్రంగా ముక్కులా పొడుచుకొచ్చి, దాని మీద తెల్లటి నక్షత్రం ఉండేది. డ్రైవర్లు డబ్ల్యూపీలు అనేవారు. మా ఇంట్లో మాత్రం వాటి పేరు ముక్కుపుడక ఇంజన్లు. ఆ పేరు పెట్టింది ఆవిడే.

ఎంత అమాయకురాలంటే, ముక్కుపుడక ఇంజను లోకం మొత్తానికి ఒక్కటే ఉందనీ, అదే పొద్దున్న అటు వెళ్ళి సాయంత్రం ఇటు వస్తోందనీ అనుకుంది చాలా కాలం. "పాపం, దానికి ఒక్క పూటైనా సెలవివ్వరా అండీ?" అని ఒకరోజు అన్నం వడ్డిస్తూ బావగారిని అడిగింది. ఆయన పొలమారేలా నవ్వి, "పిచ్చిదానా, పక్కన నెంబరు చూడు. రోజుకో ఇంజను వస్తుంది," అన్నారు. మర్నాడు చూసింది. ఆ మర్నాడూ చూసింది. నిజమే, నెంబర్లు వేరు. నా దగ్గరికొచ్చి నోరు నొక్కుకుని, "ఇన్నాళ్ళూ ఒక్కావిడే అనుకున్నానే! ఎంతమంది వచ్చి వెళ్ళిపోయారో ఏంటో, ఒక్కర్నీ సరిగ్గా చూడలేదు," అంది. పేరంటానికొచ్చిన ముత్తయిదువకి బొట్టు పెట్టకుండా పంపేసినట్టు ఆ రోజంతా బాధపడింది.

అదిగో, అక్కణ్ణుంచి పట్టుకుంది. మా లైను మీద తిరిగే ముక్కుపుడక ఇంజన్లన్నిటినీ చూసెయ్యాలి, ఒక్కటి కూడా మిగలకూడదు. నక్షత్రమూ చూడాలి, నెంబరూ చూడాలి, రెండూ తన కళ్ళతోనే చూడాలి. ఎవరో చూసొచ్చి చెప్తే లెక్కలోకి రాదు. మా గేట్‌మన్ డ్రైవర్లని అడిగి, బెజవాడ షెడ్డులోవీ రాజమండ్రి షెడ్డులోవీ ఏ ఏ నెంబర్లున్నాయో చెప్పాడు. అన్నీ నోటికొచ్చేశాయి ఆవిడకి. కందిపప్పులో రాళ్ళేరుతూ పెదవులు కదుపుతుంటే, కోడలు ఏదో స్తోత్రం చదువుకుంటోందని మా అత్తగారు మురిసిపోయేవారు.

"ఎందుకక్కయ్యా నీకీ గోల?" అని అడిగాను ఒకసారి.

"ఎందుకేంటే? మన పెరటి పక్కనుంచి రోజూ వెళ్తున్నారు. ఎవరెవరో తెలియకపోతే ఏం బాగుంటుంది?" అంది.



ఆ రోజుల్లో నెలకి మూడు రోజులు మాకు ఇంట్లోకి ప్రవేశం లేదు. పెరట్లో చిన్న చావడి ఉండేది, అక్కడే చాప, చెంబు, కంచం. నేనైతే ఏడ్చుకుంటూ గడిపేదాన్ని. ఆవిడకి మాత్రం అది పండగ. పొయ్యి లేదు, పప్పు రుబ్బక్కర్లేదు, ఎవరూ పిలవరు, ఎదురుగా రైలు పట్టాలు! చాలా ఇంజన్లని ఆవిడ ఆ చావడిలోంచే చూసింది. "మూడు రోజులు చాలవే, ఇంకో రోజుంటే బాగుణ్ణు," అనేది. మా అత్తగారి చెవిన పడుంటే ఇంకేమైనా ఉందా?

మా బావగారి సంగతి కూడా చెప్పాలి. వేరే మగవాడైతే పెళ్ళానికి ఈ పిచ్చేంటని నలుగురిలో నవ్వేవాడు. ఆయన గుట్టుగా సాయపడ్డారు. ఫలానా ఇంజను నరసాపురం లైను మీద తిరుగుతోందని గేట్‌మన్ చెబితే, "అమ్మా, పాలకొల్లు క్షీరారామలింగేశ్వరుడి దర్శనం చేసుకొస్తాం," అని బయల్దేరదీసేవారు. సామర్లకోటలో ఒకటి ఆగి ఉందని తెలిస్తే, పెద్దాపురం మరిడమ్మ జాతర గుర్తొచ్చేది ఆయనకి. తోడుకి నన్నూ తీసుకెళ్ళేవారు. సామర్లకోట ప్లాట్‌ఫారం మీద మిట్టమధ్యాహ్నం ఎండలో పులిహోర పొట్లం పట్టుకుని నిలబడ్డాను నేను. ఈవిడేమో ఇంజను పక్కకి వెళ్ళి, నెంబరు చదివి, ముందుకి నడిచి, నక్షత్రం చూసి, మొహం వెలిగిపోతుంటే తిరిగొచ్చింది. జాతరకి చీకటి పడే వేళకి చేరాం. "అమ్మవారు ఏమీ అనుకోదులే, ఆవిడా ఆడదేగా," అంది దారిలో. ఇంటికెళ్ళాక మా అత్తగారు కళ్ళకద్దుకుని ప్రసాదం తీసుకుని, "నా పెద్ద కోడలికున్న భక్తి నీకేది?" అని నన్ను దెప్పారు.

ఇక్కడ ఎదురు సంగతి చెప్పకపోతే తర్వాత జరిగింది మీకు అర్థం కాదు. మా వైపు ఎవరైనా పనిమీద బయల్దేరుతుంటే ముత్తయిదువ ఎదురు రావాలి. బావగారు కొట్టుకి వెళ్ళే ముందు ఈవిడ రోజూ నీళ్ళ బిందెతో వీధిలోంచి ఎదురు నడిచొచ్చేది. అలాగే బండి స్టేషన్లో కదిలి మా గోడ దగ్గరికి వచ్చేసరికి, పసుపు రాసుకున్న మొహంతో, కాసంత బొట్టుతో గోడ మీంచి చూస్తూ నిలబడి ఉండేది. డ్రైవర్లకి ఇది అలవాటైపోయింది. వాళ్ళలో ఒక పెద్దాయన సరుకులు మా కొట్లోనే తీసుకునేవారు. "ఏమండీ, అమ్మగారు గోడ దగ్గర ఎదురైన రోజు కొవ్వూరు దాకా ఒక్క సిగ్నలూ ఆపదండి," అనేవారట బావగారితో. ఆ మాట విన్నప్పటినుంచి ఈవిడ ఒంట్లో బాగోకపోయినా మొహం కడిగి బొట్టు పెట్టుకుని గోడ దగ్గరికి వెళ్ళేది. "బండెడు జనం, వాళ్ళ పనులన్నీ సవ్యంగా జరగాలి కదే," అనేది. ఆ పెద్దాయన మా గోడ దగ్గర చిన్నగా ఒక్క కూత వేసేవారు. అది ఆవిడ కోసమేనని వీధి వీధంతటికీ తెలుసు.

ఏళ్ళు గడిచాయి. ఒక్కొక్కటీ చూసేసింది. చివరికి ఒకే ఒక్కటి మిగిలింది. నెంబరులో చివర అరవై తొమ్మిది. దానితో ఈవిడకి ఏం విరోధమో! అది మా గోడ పక్కనుంచి వెళ్ళిన రోజు ఈవిడ పుట్టింట్లో పురుడుకి సాయం వెళ్ళింది. రాజమండ్రి షెడ్డులో ఉందంటే గోదావరి స్నానం వంకతో వెళ్ళాం, మేం పాత వంతెన మీద ఉండగానే అది అవతల బండి తగిలించుకుని కాకినాడ వెళ్ళిపోయింది. తర్వాత దాన్ని రిపేరుకని ఎక్కడికో దూరం పంపేశారు. "వస్తుందిలే, ఎక్కడికి పోతుంది? అందరూ వచ్చారు, ఆవిడ రాకపోతుందా?" అనేవారు బావగారు. "ఆవిడ వచ్చిన రోజు మన వీధంతటికీ మినపసున్నుండలు పంచుతాను," అనేది ఈవిడ.

బావగారు కొట్లో చింతపండు తూస్తూ తూస్తూ గుండె పట్టుకుని కూర్చుండిపోయారు. మళ్ళీ లేవలేదు. ఆ తర్వాత ఆవిడకి చేసిన మర్యాదలు కూడా రాసేస్తాను. ఆఖరిసారి అంటూ మొహం నిండా పసుపు రాసి, రూపాయి కాసంత బొట్టు పెట్టి, చేతి నిండా గాజులు వేసి, అన్నీ తీసేశారు. మూల గదిలో కూర్చోబెట్టారు. ఏడాది దాకా వీధి గుమ్మం దాటకూడదన్నారు. పొద్దున్నే మా ఆయన కొట్టుకి బయల్దేరుతుంటే, ఆవిడ తనంతట తనే లేచి గది తలుపు దగ్గరికి వేసుకునేది. ఆ తలుపు చప్పుడు వింటే నా ప్రాణం ఉసూరుమనేది. "నువ్వెందుకక్కయ్యా తలుపేసుకోవడం? చిన్నప్పటినుంచీ నీ చేతి అన్నం తిన్న మనిషి ఆయన," అన్నాను. "నా చెయ్యి వేరు, నా ఎదురు వేరు," అంది. పెరటి గోడ వైపు వెళ్ళడం మానేసింది. బండి వచ్చే వేళకి గదిలో గోడవైపు తిరిగి కూర్చునేది.

సంవత్సరీకాలు కూడా కాకముందే ఒక సాయంత్రం గేట్‌మన్ మా పెరటి తలుపు కొట్టాడు. "అమ్మగారండీ, అరవై తొమ్మిది వచ్చేసిందండి. రేపు పొద్దున్న ప్యాసింజరుకి కట్టి పంపుతున్నారండి. ఇంక డీజిళ్ళే కదండీ అన్నీ, దీన్ని తీసుకెళ్ళి పక్కన పెట్టేస్తారంటండి. మన పెద్దాయనే డ్రైవరండి. అమ్మగారిని గోడ దగ్గర ఉండమన్నారండి, ఆయ్," అన్నాడు. నేను ఎగిరి గంతేసినంత పని చేసి గదిలోకి పరిగెత్తాను. ఆవిడ మొహంలో ఒక్క క్షణం, ఒక్కటంటే ఒక్క క్షణం, పాత వెలుగు వచ్చింది. వెంటనే తల దించుకుంది. రాత్రి వంట అయ్యేదాకా బతిమాలాను, తిట్టాను, బావగారి మీద ఒట్టు పెట్టాను. ఆయన ఎన్ని ఊళ్ళు తిప్పారు దీనికోసం, ఆయన కోసమైనా చూడవా అన్నాను. చివరికి సరే అంది.

పొద్దున్నే తలస్నానం చేసి, తెల్లచీర కొంగు తలమీద కప్పుకుని నా వెనకే పెరట్లోకి వచ్చింది. గోడ దగ్గర నిలబడ్డాం. స్టేషన్లో కూత వినపడింది. పొగ కనపడింది. అప్పుడు ఆవిడ నా చీర కొంగు పట్టుకుని గోడ కింద చతికిలబడిపోయింది.

"లే అక్కయ్యా! వచ్చేస్తోంది!"

"బండెడు జనమే," అంది. "పెళ్ళిచూపులకి వెళ్ళేవాళ్ళుంటారు. పరీక్షకెళ్ళే పిల్లలుంటారు. కూతుర్ని పురిటికి తీసుకెళ్ళేవాళ్ళుంటారు. పొద్దున్నే వాళ్ళందరికీ నా మొహం చూపించమంటావా?"

నేను రెక్క పట్టుకుని లాగాను. రాయిలా కూర్చుంది. రెండు చేతులతో మొహం కప్పుకుంది.

ఇంజను వచ్చింది. ఆ పెద్దాయన దాన్ని ఎంత మెల్లగా నడిపించారంటే పక్కన మనిషి నడిచి వెళ్ళచ్చు. ఆవిడ కోసమని నక్షత్రానికి కొత్తగా తెల్లరంగు వేయించారు, ఇత్తడి తోమించారు, ముందు బంతిపూల దండ కట్టించారు. ఆయన కిటికీలోంచి సగం బయటికి వంగి గోడంతా వెతుకుతున్నారు. ఒక కూత వేశారు. మా గోడ కూత, అదే. నేను ఒక్కదాన్నే కనపడేసరికి చేత్తో సైగ చేసి, "అమ్మగారేరండీ? పిలవండి! ఇదే ఆఖరండీ!" అని అరిచారు. ఈవిడ కిందనుంచి నా కొంగు గట్టిగా పట్టుకుని, చెప్పద్దని తల అడ్డంగా ఊపుతోంది. ఏం చెప్పను? నిలబడి ఏడ్చాను. ఇంజను దాటిపోయింది, పెట్టెలు దాటిపోయాయి. గేటు దగ్గర మళ్ళీ ఒకసారి కూసింది.

చాలాసేపటికి మొహం మీంచి చేతులు తీసి, "ఎలా ఉందే?" అంది.

బాగుందక్కయ్యా అన్నాను. కొత్త రంగు వేశారనీ, దండ కట్టారనీ చెప్పాను. చిన్నపిల్లలా వింది. "నువ్వు చూశావుగా," అంది. "నువ్వూ ఇక్కడే ఉన్నావు, చూసినట్టే," అన్నాను. "చూసినట్టు కాదులే," అని లేచి, చీరకంటిన మట్టి దులుపుకుని లోపలికి వెళ్ళిపోయింది. ఇంజన్ల మీద నాకెప్పుడూ ఏ మోజూ లేదు. ఆ దిక్కుమాలిన అరవై తొమ్మిదిని చూసింది నేను. చూడాల్సిన మనిషి నా కాళ్ళ దగ్గర కూర్చుంది.

కొన్ని వారాలకి ఆ పెద్దాయన రిటైరై, ఊరు వదిలి వెళ్తూ మా ఇంటికి వచ్చారు. అరుగు మీద కూర్చున్నారు. ఆవిడ గదిలో తలుపు చాటున ఉంది. అమ్మగారికి కోపం వచ్చిందా అండీ అని అడిగారు ఆయన. ఉన్న సంగతి చెప్పేశాను. ఆయన గది తలుపు వైపు తిరిగారు.

"మా అమ్మ నా చిన్నతనంలోనే పసుపు కుంకాలు పోగొట్టుకుందండి," అన్నారు. "నేను రైల్వేలో చేరిన రోజునుంచీ ఆవిడే నాకు ఎదురండి. ఆవిడ గుమ్మంలో నిలబడితేగాని టిఫిను క్యారేజీ పట్టుకునేవాణ్ణి కాదండి. ఒక్క రోజు కూడా నాకు కీడు జరగలేదండి. అమ్మగారికి ఈ మాట నేనే ముందొచ్చి చెప్పాల్సిందండి, తోచలేదండి నాకు."

నాకు ఆశ పుట్టింది. "ఇప్పుడెక్కడుందండీ ఆ ఇంజను? ఎంత దూరమైనా తీసుకెళ్తాను," అన్నాను.

"తుక్కు కింద కోసేశారమ్మా," అన్నారు.

ఆయన వెళ్ళాక లోపలికి వెళితే, ఆవిడ నేలమీద కూర్చుని చింతపండు గింజలు తీస్తోంది. "వాళ్ళమ్మ మంచిదే," అంది. అంతే. ఆ తర్వాత ఆ ఇంజను మాట మా మధ్య రాలేదు. అన్నం తింది, పనిచేసింది, నా పిల్లల తలలు దువ్వింది, నవ్వాల్సిన చోట నవ్వింది. పప్పు ఏరేటప్పుడు మాత్రం పెదవులు కదిలేవి కావు. డీజిలు బండి వెళ్తుంటే, "ఇవి అరుస్తాయిగాని పలకరించవే," అని ఒక్కసారి అంది.

అక్కయ్యా, నీ మంచితనం తగలడ! బండెడు జనంలో నిన్ను చూసి ఎవడు తిట్టుకుంటాడని? తిట్టుకుంటే తిట్టుకోనీ. ఒక్కసారి తలెత్తితే నీ సొమ్మేం పోయేది? ఇన్నేళ్ళూ ఈ మాట నీ మొహాన అనలేకపోయాను. ఇప్పుడు ఎవరికి వినపడాలని రాస్తున్నానో నాకే తెలియదు.

ఆవిణ్ణి తీసుకెళ్ళిన రోజు సంగతి చెప్పి ముగిస్తాను. మాలో ఆడవాళ్ళం వీధి చివరిదాకా వెళ్ళి ఆగిపోవాలి. మా వీధి చివర రైలు గేటే. కుండ పట్టుకుని ముందు మా ఆయన, వెనక పాడె. అక్కడికి చేరేసరికి గేటు వేసేశారు. స్టేషన్లో రాజమండ్రి ప్యాసింజరు కదిలింది. పాడె పట్టుకున్నవాళ్ళు పట్టాల పక్కనే ఆగిపోయారు. మా ఆయన కంగారుపడి, "పక్కకి జరపండి, బళ్ళో జనానికి ఎదురుగా ఎందుకు," అన్నారు. పాడె మోస్తున్న ముసలాయన ఒకాయన, "ఏం పర్వాలేదు, ఉండనీ బాబూ. శవం ఎదురైతే మంచి శకునం. వాళ్ళు వెళ్ళిన పని ఇట్టే అవుతుంది," అన్నాడు.

ఆవిడ మొహం తెరిచే ఉంది, పట్టాల వైపు తిరిగి ఉంది. బండి మెల్లగా వచ్చింది. డ్రైవరు కుర్రవాడు, ఎవరో మాకు తెలియదు, చూసి నుదుటికి చెయ్యి తాకించుకున్నాడు. మొదటి పెట్టె కిటికీలో కొత్త పట్టుచీర కట్టుకున్న ఒకావిడ తన ఒళ్ళో పిల్ల రెండు చేతులూ పట్టుకుని జోడించి, ఆవిడ వైపు చూపించింది. ఆ వెనక కిటికీలోనూ, ఆ వెనక పెట్టెలోనూ జనం లేచి నిలబడి వంగి మరీ చూశారు. బండి బండంతా ఆవిడ మొహం చూసి దణ్ణం పెట్టుకుంటూ వెళ్ళింది.